అన్నదమ్ములకు ఒకే జబ్బు: వంశమా, వంటిల్లా?

చిత్తూరు వైపు ఒక ఇంట్లో అన్నకు నలభై దాటగానే షుగర్ వచ్చి, మూడేళ్లు తిరక్కముందే తమ్ముడికీ వస్తే, "వాళ్ల వంశంలోనే ఉంది" అని ఊరు తేల్చేస్తుంది. ఆ మాట తప్పని చెప్పలేం, అలాగని అందులో రుజువూ లేదు. ఆ అన్నదమ్ములు జన్యువులతోపాటు వంటింటిని కూడా పంచుకున్నారు. చిన్నప్పుడు ఒకే దబరలో రాగిసంగటి తిన్నారు, పెద్దయ్యాక ఇద్దరూ తిరుపతి చేరి పొద్దంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగాలు చూసుకున్నారు, మూడు పూటలా వరి అన్నానికి అలవాటు పడ్డారు. ఇద్దరికీ జబ్బు రావడానికి పుట్టుక కారణమా, పెరిగిన తీరు కారణమా అన్నది ఆ ఒక్క ఇంటిని ఎంత సేపు చూసినా తేలదు. అయితే అటువంటి వంద ఇళ్ల నుంచి వందమంది అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల జతలను చేర్చి, వాళ్ల క్రోమోజోములను ఒక్కో చోట పోల్చి చూస్తే, వంటింటి ప్రభావం అంటని ఒక లెక్క బయటపడుతుంది. ఆ లెక్క ఎలా పనిచేస్తుందో, ఎక్కడ తడబడుతుందో, మేనరికాలు మామూలైన మన ప్రాంతంలో దానికి ఎదురయ్యే చిక్కేమిటో చెప్పడమే ఈ వ్యాసం పని.

ముందు ఊరి మాటనే అంకెలోకి తెద్దాం. ఒక జబ్బు ఉన్న మనిషి తోబుట్టువుకు అదే జబ్బు వచ్చే సంభావ్యతను, సాధారణ జనంలో అది వచ్చే సంభావ్యతతో భాగిస్తే వచ్చే నిష్పత్తిని తోబుట్టువుల లాంబ్డా అంటారు. దీన్ని ఈ రంగంలో ప్రధానమైన కొలమానంగా నిలబెట్టింది 1990లో నీల్ రిష్ రాసిన పరిశోధన పత్రాలు. ఐరోపా సంతతిలో చిన్న వయసులో వచ్చే టైప్ 1 మధుమేహానికి సాధారణ జనంలో ప్రమాదం సుమారు 0.4 శాతం, తోబుట్టువుల్లో సుమారు 6 శాతం, అంటే లాంబ్డా 15. ఆ అన్నదమ్ములకు వచ్చినట్టు నడివయసులో వచ్చే టైప్ 2 మధుమేహానికి ఇదే నిష్పత్తి 3 దగ్గర ఉంటుందని తరచుగా చెబుతారు. ఇందులో ఒక మెలిక ఉంది. జబ్బు జనంలో ఎంత ఎక్కువైతే ఈ నిష్పత్తి అంత కుంచించుకుపోక తప్పదు, ఎందుకంటే తోబుట్టువుల ప్రమాదం నూటికి నూరు దాటదు. ఒక పట్టణంలో ప్రతి ఐదుగురిలో ఒకరికి షుగర్ ఉందనుకుంటే, అక్కడ లాంబ్డా ఎంత చేసినా 5 దాటలేదు. అంతకంటే పెద్ద లోపం ఏమిటంటే, వంశమూ వంటిల్లూ రెండూ ఈ అంకెలో కలిసిపోయి ఉంటాయి. లాంబ్డా 1 కంటే ఎక్కువుంటే జబ్బు కుటుంబాల్లో గుంపుగా కనిపిస్తోందని అర్థం, అంతవరకే.

ఇక్కడి నుంచి దారి మారుతుంది. లింగ క్రోమోజోములను పక్కన పెడితే, తండ్రి దగ్గర ప్రతి క్రోమోజోమూ రెండు ప్రతుల్లో ఉంటుంది: ఒకటి తాత ఇచ్చింది, ఇంకొకటి అవ్వ ఇచ్చింది. బిడ్డకు వాటిలో ఏ ప్రతి చేరుతుందన్నది, క్రోమోజోమ్ మీద ఏదో ఒక్క చోటును తీసుకుంటే, అచ్చంగా బొమ్మా బొరుసే. అన్నకు తాత ప్రతి వస్తే తమ్ముడికి కూడా అదే రావడానికి అవకాశం సగం. తల్లి వైపూ అంతే. రెండు నాణేలు కలిపి చూస్తే, ఒక చోట అన్నదమ్ములు ఏ ప్రతినీ పంచుకోకపోయే అవకాశం నాలుగోవంతు, ఒక్కటి పంచుకునే అవకాశం సగం, రెండూ పంచుకునే అవకాశం నాలుగోవంతు. ఇది గర్భంలో పడ్డ క్షణంలోనే తేలిపోయిన విషయం. ఆ తర్వాత వాళ్లు సంగటి తిన్నా, సమోసా తిన్నా ఆ పంపకం మారదు.

ఈ పద్ధతి బలమంతా ఆ చివరి మాటలోనే ఉంది. ఇద్దరికీ జబ్బు ఉన్న జతలను మాత్రమే ఏరి, క్రోమోజోమ్ మీద ఒక చోట వాళ్లు పంచుకున్న తీరు నాలుగోవంతు, సగం, నాలుగోవంతుగా కాక, రెండు ప్రతులూ పంచుకున్న జతల వైపు ఒరిగి ఉంటే, ఆ చోటికి దగ్గరలో జబ్బుకు సంబంధించిన జన్యువు ఏదో ఉందని అనుమానించాలి. వంటిల్లు ఇద్దరికీ ఒకే జబ్బు తేగలదు గానీ, ఆరో క్రోమోజోమ్ మీద ఒక మూలను మాత్రం ఎంచుకుని అక్కడ ఇద్దరికీ తాత ప్రతినే చేర్చలేదు. ఈ అనుబంధాన్నే సహలగ్నత అంటారు. జబ్బు ఎలా సంక్రమిస్తుందో, ప్రబలమో (ఒక్క ప్రతితోనే వచ్చేదో) అంతర్గతమో (రెండు ప్రతులూ ఉంటేనే వచ్చేదో) ముందే తెలియనక్కర్లేదు. తల్లిదండ్రులు కాలం చేసి ఉన్నా, నడివయసులో వచ్చే జబ్బుల్లో అదే ఎక్కువగా జరుగుతుంది కాబట్టి, పని కొంతవరకు సాగుతుంది. 1935లో లయొనెల్ పెన్‌రోజ్ ఈ ఆలోచనకు తొలి రూపం ఇచ్చినప్పుడు తల్లిదండ్రుల వివరాలు లేని తోబుట్టువుల జతలనే తీసుకున్నాడు. ఒక లక్షణంలో ఒకేలా ఉన్న జతలు రెండో లక్షణంలోనూ ఒకేలా ఉండడం మామూలు కంటే ఎక్కువగా కనిపిస్తోందా అని నాలుగు గళ్ల పట్టికలో లెక్కపెట్టి చూశాడు. డీఎన్ఏ నిర్మాణం తెలియడానికి అది ఇంకా 18 ఏళ్ల ముందు.

పంచుకోవడం అన్న మాటలో ఒక ఉచ్చు ఉంది. చిత్తూరు జిల్లా మామిడి రైతుకు దీన్ని వివరించడం తేలిక. రెండు తోటల్లో రెండు తోతాపురి చెట్లు ఉన్నాయి, కాయ ఆకారం ఒకటే, రుచి ఒకటే. అంతమాత్రాన ఆ రెండూ ఒకే నర్సరీలోని ఒకే తల్లి చెట్టు నుంచి కట్టిన అంట్లు అనలేం. వేర్వేరు నర్సరీల నుంచి వచ్చి ఉండవచ్చు. అలాగే అన్నకూ తమ్ముడికీ ఒక చోట ఒకే రూపం కనిపిస్తే అది రూపసామ్యం మాత్రమే. ఆ రెండూ తాత దగ్గరి ఒకే ప్రతి నుంచి వచ్చాయని తేలితేనే మూలసామ్యం. (పాత లెక్కకు పోతే తోతాపురి చెట్లన్నీ ఏనాటిదో ఒకే చెట్టుకు అంట్లు కదా అని రైతు అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే. మూలసామ్యం అన్నప్పుడు ఎన్ని తరాల వెనక్కి చూస్తామో ముందే గీత గీసుకోవాలి. ఇక్కడ ఆ గీత తల్లిదండ్రుల దగ్గరే ఉంది. దీనికి మళ్లీ రావలసి ఉంటుంది.) తండ్రి రెండు ప్రతుల్లోనూ ఒకే రూపం ఉంటే, పిల్లలకు ఏది వచ్చిందో పోల్చుకోలేం, ఆ చోట ఆ తండ్రి మనకు ఏ సమాచారమూ ఇవ్వడు. అందుకే మనిషికీ మనిషికీ బాగా తేడా ఉండే చోట్లను మార్కర్లుగా ఎంచుకుంటారు. తల్లిదండ్రుల నుంచి బిడ్డకు చేరేటప్పుడు క్రోమోజోమ్ తెగి అతుక్కునేది కొద్ది చోట్లే కాబట్టి తోబుట్టువులు పొడవాటి ముక్కలను పంచుకుంటారు, దానివల్ల మొత్తం జన్యురాశిని గాలించడానికి 300 నుంచి 400 మార్కర్లు సరిపోయేవి. 1990లలో ఈ పద్ధతికి వచ్చిన ఊపుకు అసలు కారణం ఈ చవకదనమే.

ఇక లెక్కలోకి దిగుదాం. అంకెలు నేను పాఠం కోసం కల్పించుకున్నవి. ఇద్దరికీ షుగర్ ఉన్న 100 జతలను తీసుకున్నాం. ఒక మార్కర్ దగ్గర 12 జతలు ఏ ప్రతినీ పంచుకోలేదు, 48 జతలు ఒకటి, 40 జతలు రెండూ పంచుకున్నాయి. జబ్బుకూ ఆ చోటుకూ సంబంధమే లేకపోతే 25, 50, 25 ఉండాలి. చూడగానే ఎవరికైనా తోచేది కై-వర్గ పరీక్ష. ప్రతి గడిలో తేడాను వర్గం చేసి, ఆశించిన అంకెతో భాగించి కూడితే 15.84 వస్తుంది. రెండు స్వేచ్ఛా పరిమాణాలతో (మూడు గళ్ల మొత్తం 100 అని ముందే తెలుసు కాబట్టి స్వేచ్ఛగా మారగలిగేవి రెండే) చూస్తే, ఇంత తేడా కాకతాళీయంగా వచ్చే అవకాశం పది వేలలో 4 కంటే తక్కువ.

కానీ ఈ పరీక్ష ఒక సంగతి పట్టించుకోదు. మనం ఎదురుచూస్తున్న తేడా ఒకే దిక్కులో ఉంటుంది: జబ్బు జన్యువు ఉంటే పంచుకోవడం పెరగాలి గానీ తగ్గకూడదు. కై-వర్గం మాత్రం పెరిగినా తగ్గినా ఒకేలా చూస్తుంది. అందుకని గళ్లను పక్కన పెట్టి, పంచుకున్న ప్రతులనే లెక్కపెడదాం. 100 జతలంటే 200 నాణేలు. అందులో పంచుకున్నవి 48, 40 జతల నుంచి 80, మొత్తం 128. యాదృచ్ఛికంగా అయితే 100 రావాలి, ప్రామాణిక విచలనం 50 వర్గమూలం, అంటే సుమారు 7.07. తేడా 28ని దానితో భాగిస్తే 3.96. ఇంత పెద్ద అంకె ఊరికే వచ్చే అవకాశం లక్షలో 4 మాత్రమే. దత్తాంశం అదే, జతలు అవే, అడిగిన ప్రశ్న పదునెక్కడం వల్ల సాక్ష్యం తొమ్మిది రెట్లు గట్టిపడింది. దీన్ని సగటు పరీక్ష అంటారు. జబ్బు జన్యువు ప్రతి ఒక్కటున్నా ప్రమాదం కొంత పెరిగే సందర్భాల్లో ఇది బాగా పనిచేస్తుందనీ, రెండు ప్రతులూ ఉంటేనే జబ్బు వచ్చే అంతర్గత లక్షణాలకు, రెండూ పంచుకున్న జతల శాతాన్ని నేరుగా చూడడమే మేలనీ ఈ రంగంలోని వాళ్లు 1980ల నాటికే తేల్చారు. ఒకే ఇంట్లో ముగ్గురికి జబ్బుంటే మూడు జతలవుతాయి, కానీ మూడో జత చెప్పేదాంట్లో చాలాభాగం మొదటి రెండూ చెప్పేసినదే కాబట్టి దానికి తూకం తగ్గించాలి. పెద్ద కుటుంబాలున్న పల్లెల్లో ఇది మరిచిపోతే సాక్ష్యం లేనిపోని బలం సంతరించుకుంటుంది.

లక్షలో 4 అంటే ఎవరైనా సంతోషిస్తారు. తొందరపడకూడదు. మనం చూసింది ఒక్క మార్కర్ కాదు, మొత్తం జన్యురాశిని గాలించాం. వందల చోట్ల వెతికితే ఎక్కడో ఒకచోట అలాంటి అంకె ఊరికే తగిలే వీలుంది. 1955లో న్యూటన్ మోర్టన్ సహలగ్నతకు లాడ్ స్కోరును ప్రవేశపెట్టి, 3 దాటితే నమ్మవచ్చన్నాడు, అంటే సహలగ్నత ఉందన్న ఊహకు లేదన్న ఊహ కంటే దత్తాంశం వెయ్యి రెట్లు అనుకూలంగా ఉండాలి. ఎరిక్ ల్యాండర్, లియొనిడ్ క్రుగ్ల్యాక్ 1995లో మొత్తం జన్యురాశి గాలింపును లెక్కలోకి తీసుకుని, తోబుట్టువుల జతలకు ఆ గీతను 3.6కు పెంచారు. 2.2 దాటితే అది సూచన మాత్రమే, ఎందుకంటే ఒక్కో పూర్తి గాలింపులో అంతటి అంకె సగటున ఒకసారి ఊరికే వస్తుంది. మన 3.96ని లాడ్ కింద మారిస్తే, దాని వర్గాన్ని 4.6తో భాగించాలి, 3.4 వస్తుంది. అంటే మన 100 జతలు సూచన దాటాయి, రుజువు దగ్గర ఆగిపోయాయి. క్లాసులో ఈ లెక్క చేసినప్పుడల్లా విద్యార్థుల ముఖాలు చిన్నబోతాయి, నాకు మాత్రం ఇందులోనే పాఠం ఉందనిపిస్తుంది.

నిజమైన ఉదాహరణ కావాలంటే టైప్ 1 మధుమేహానికే రావాలి. ఆరో క్రోమోజోమ్ మీద రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన హెచ్ఎల్ఏ జన్యువుల గుంపు ఉంది. ఈ జబ్బున్న తోబుట్టువుల జతలు అక్కడ మామూలు కంటే ఎక్కువగా పంచుకుంటున్నాయని 1970ల మధ్యలోనే కుడ్‌వర్త్, వుడ్రో గమనించారు. తర్వాతి అధ్యయనాల్లో ఏ ప్రతినీ పంచుకోని జతలు 25 శాతం బదులు సుమారు 7 శాతమే కనిపించాయి. రిష్ చూపించిన ఒక అందమైన సంబంధం ప్రకారం, 0.25ను ఆ భాగంతో భాగిస్తే ఆ ఒక్క చోటు వల్ల కలిగే లాంబ్డా వస్తుంది. 0.25ను 0.07తో భాగిస్తే మూడున్నర. మొత్తం 15లో, గుణకారంగా చూస్తే, హెచ్ఎల్ఏ వాటా మూడున్నర, మిగిలిన నాలుగు రెట్లు ఇతర జన్యువులూ వంటిల్లూ పంచుకోవాలి. కలగలిసిపోయిన ఒక అంకెలోంచి ఒక చోటి వాటాను ఇలా విడదీసి చూపగలగడం చిన్న విషయం కాదు. క్రోన్ వ్యాధి అనే పేగు జబ్బులో కూడా ఇలాగే 1996లో 16వ క్రోమోజోమ్ మీద ఒక ప్రాంతం దొరికింది, ఐదేళ్లకు అక్కడే ఎన్ఓడీ2 జన్యువు బయటపడింది.

జబ్బు ఉందా లేదా అన్నట్టు కాక, రక్తపోటులాగా, పరగడుపు షుగర్‌లాగా కొలిచే లక్షణమైతే దారి వేరు. జోసెఫ్ హేస్‌మన్, రాబర్ట్ ఎల్‌స్టన్ 1972లో చెప్పిన ఉపాయం ఒక్క ప్రతిగమన రేఖ, అంటే చుక్కల మధ్యగా వాటి పోకడను చూపేలా గీసే సరళరేఖ. ప్రతి జతలో ఇద్దరి కొలతల తేడాను వర్గం చేసి నిలువు అక్షం మీద, ఆ చోట పంచుకున్న భాగాన్ని, అంటే సున్నా, సగం లేదా ఒకటిని, అడ్డం అక్షం మీద పెట్టాలి. ఆ చోటుకు కొలతతో సంబంధం ఉంటే, ఎక్కువ పంచుకున్న జతలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి కాబట్టి రేఖ కిందికి వాలుతుంది. మార్కర్ సరిగ్గా జన్యువు మీదే ఉంటే ఆ వాలు, జన్యువు వల్ల కలిగే విస్తృతికి (మనుషుల కొలతలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకెకు) రెండు రెట్లు, గుర్తు రుణం. దూరం పెరిగేకొద్దీ వాలు తగ్గుతుంది. ఇంత సరళమైన పద్ధతి కాబట్టే దాదాపు ముప్పై ఏళ్లు నిలిచింది. అయితే తేడాను మాత్రమే చూసి ఇద్దరి కొలతల మొత్తాన్ని వదిలేయడం వల్ల కొంత సమాచారం వృథా అవుతోందని తర్వాత గుర్తించి, 2000లో ఎల్‌స్టన్ బృందమే, సగటు నుంచి ఇద్దరి విచలనాల లబ్ధాన్ని తీసుకునేలా దాన్ని సవరించింది. ఈలోగా 1995లో రిష్, జాంగ్ ఇంకో మాట చెప్పారు: ఒకరు అందరి కంటే పైన, ఇంకొకరు అందరి కంటే కింద ఉండే జతలు దొరకడం కష్టమే గానీ, అలాంటి ఒక్క జత మామూలు జతలు చాలా చెప్పేదాన్ని చెబుతుంది.

ఇప్పుడు మామిడి రైతు ప్రశ్నకు రావాలి. తల్లిదండ్రుల దగ్గర గీసుకున్న గీత, ఆ తల్లిదండ్రులు ఒకరికొకరు రక్తసంబంధీకులు కారన్న నమ్మకం మీద నిలబడి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో దగ్గరి బంధువుల పెళ్లిళ్లు దేశ సగటు కంటే బాగా ఎక్కువ. అక్క కూతురిని చేసుకుంటే పుట్టే బిడ్డకు ఏ చోటైనా రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి ఒకే ప్రతి నుంచి వచ్చి ఉండే అవకాశం ఎనిమిదో వంతు. మేనత్త మేనమామల బిడ్డల మధ్య పెళ్లయితే పదహారో వంతు. ఇలాంటి ఇంట్లో అన్నదమ్ములు అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ కూడా ఒకే తాత ముక్కను అందుకుంటారు కాబట్టి, ఏ చోట చూసినా మామూలు కంటే ఒకేలా కనిపిస్తారు. తల్లిదండ్రుల రక్తం పరీక్షించి ఉంటే ఏ ప్రతి ఎటు నుంచి వచ్చిందో కొంతవరకు విడదీయవచ్చు. వాళ్లు లేకపోతే కంప్యూటర్ ఆ పోలికను మూలసామ్యంగా లెక్కగట్టి, జబ్బుతో సంబంధం లేని చోట్ల కూడా స్కోరును పెంచేస్తుంది. దీనికి తోడు ఇంకో తప్పు తేలిగ్గా దొర్లుతుంది. తల్లిదండ్రులు లేనప్పుడు, ఒక రూపం జనంలో ఎంత అరుదో చూసి మూలసామ్యాన్ని అంచనా వేస్తారు. ఐరోపాలో అరుదైన రూపం ఇక్కడ ఒక కులంలో ఇంటింటా ఉండవచ్చు. విదేశీ పట్టికలోని శాతాలను చిత్తూరు జతలకు వాడితే, అందరిలో ఉన్నదాన్ని అరుదైన ఆస్తిగా పొరబడి, లేని సహలగ్నతను కనిపెడతాం. కులం లోపలే పెళ్లిళ్లు జరిగే చోట, నా ఉద్దేశంలో, మార్కర్ శాతాలను ఆ జనంలోనే కొలవకుండా ఈ లెక్క మొదలుపెట్టకూడదు. 1996లో జెనాన్, క్లెర్జే-దార్పూ మేనరికపు కుటుంబాల కోసం పద్ధతినే సవరించి, ఇద్దరి మధ్య పంపకంతోపాటు ఒక్కరి లోపలి రెండు ప్రతుల పోలికను కూడా లెక్కలోకి తెచ్చారు. అంతకు ముందే, 1987లో, ల్యాండర్, బాట్‌స్టీన్ ఈ ఇబ్బందినే సాధనంగా మలిచారు: అంతర్గత జబ్బున్న బిడ్డ మేనరికంలో పుడితే, రెండు ప్రతులూ ఒకేలా ఉన్న పొడవాటి ముక్కల్లోనే జన్యువు దాగి ఉంటుంది కాబట్టి, అక్కడే వెతికితే చాలు.

మరి ఇంత చక్కటి పద్ధతి షుగర్ జన్యువులను ఎందుకు కుప్పలుగా తెచ్చిపెట్టలేదు? 2001లో 31 వ్యాధుల మీద జరిగిన 101 గాలింపులను కలిపి పరిశీలిస్తే, వాటిలో ఎక్కువభాగం రుజువు గీతను దాటలేదని, ఒకరికి దొరికింది ఇంకొకరికి దొరకడం లేదని తేలింది. కారణం లెక్కలోనే ఉంది. టైప్ 2 మధుమేహంతో సంబంధం ఉన్నట్టు 2006లో బయటపడ్డ టీసీఎఫ్7ఎల్2 జన్యువునే తీసుకోండి. ప్రమాదం తెచ్చే రూపం జనంలో సుమారు 30 శాతం, ఒక్కో ప్రతికి ప్రమాదం సుమారు 1.4 రెట్లు పెరుగుతుందనుకుంటే, ఇద్దరికీ జబ్బున్న జతలు ఆ చోట పంచుకునే భాగం 50 శాతం నుంచి 50.66కి మాత్రమే పెరుగుతుంది. ముప్పావు శాతం కూడా లేని ఆ ఒరుగు 3.6 లాడ్‌ను అందుకోవాలంటే, మన సగటు పరీక్ష ప్రకారం 45 వేలకు పైగా జతలు కావాలి. ప్రమాదకర రూపం జనంలో అంత మామూలైనప్పుడు, అన్నకు ఒక ప్రతి తాత నుంచీ తమ్ముడికి వేరే ప్రతి అవ్వ నుంచీ వచ్చి, రెండూ ప్రమాదకరమే కావచ్చు. జబ్బుకు కారణం ఒకటే అయినా మూలసామ్యం లేదు, మన లెక్కకు అది కనిపించదు. రోగులనూ రోగం లేనివాళ్లనూ నేరుగా పోల్చే పద్ధతికి ఆ అడ్డంకి లేదు. విచిత్రం ఏమిటంటే, ఐస్‌లాండ్ పరిశోధకులు ఈ జన్యువును చేరుకున్నది పదో క్రోమోజోమ్ మీద కనిపించిన ఒక సహలగ్నత సూచన వెంటే, తీరా చూస్తే ఆ సూచనను ఆ జన్యువు వివరించలేకపోయింది.

తోబుట్టువుల పని అంతటితో అయిపోలేదు. పీటర్ విషర్ బృందం 2006లో జబ్బును, ఫలానా చోటు అన్న పట్టింపును రెండింటినీ వదిలేసి, మొత్తం జన్యురాశిలో ఒక్కో జత నిజంగా ఎంత పంచుకుందో కొలిచింది. పుస్తకాల్లో సగం అని రాస్తాం, కానీ 3,375 జతల్లో ఆ అంకె 37 శాతం నుంచి 62 శాతం వరకు మారింది. 62 శాతం పంచుకున్న అన్నదమ్ములూ, 37 శాతమే పంచుకున్న అన్నదమ్ములూ ఇద్దరూ తమ తమ ఇళ్లలో ఒకే కంచంలో తిన్నవాళ్లే. కాబట్టి మొదటి జతలు రెండో జతల కంటే ఎత్తులో ఎక్కువ దగ్గరగా ఉంటే, ఆ తేడాను వంటింటి ఖాతాలో వేయడానికి వీల్లేదు. అలా లెక్కగడితే ఎత్తులోని విస్తృతిలో 80 శాతం వారసత్వానికి చెందుతుందని తేలింది. అదే ప్రశ్నను షుగర్ గురించి చిత్తూరులో అడగాలంటే వేల జతల తోబుట్టువులు కావాలి, వాళ్లలో మేనరికపు ఇళ్ల పిల్లలకు సగం అన్న ఆరంభపు అంకెనే మార్చి రాసుకోవాలి.